నేస్తాన్ని అడగకూడని ప్రశ్న

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో మీకు గుర్తుంటే సంతోషం. నాకైతే ఈ సంగతి బుర్రలో ఎన్ని చుట్లు తిరిగిందంటే, ఏది ముందో ఏది వెనకో చెప్పడానికే తికమకగా ఉంది. అయినా కొత్తగా చదివేవాళ్లను నడిమధ్యలో వదిలెయ్యడం మర్యాద కాదు కాబట్టి ఇంకోసారి చెప్పేస్తాను.

నా పేరు మెహతాబ్. చింతపల్లిలో గాజుల సాయిబు ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆ గాజుల సాయిబు మా అబ్బా, కరీముల్లా. పెదబయలు సంతలో గాజులమ్మేవాడు. ఆయన పోయాక ఆ గాజుల పెట్టె నా నెత్తికొచ్చింది. అలా ఉండగా విశాఖపట్నం నుంచి భానుశ్రీ మేడమ్ అనే ఆవిడ వచ్చి, గాజుల పక్కనే మా కంపెనీ సరుకు కూడా పెట్టుకోరాదా అంది. నల్ల జీలకర్ర నూనె, తేనె, టూత్ పేస్టు. అన్నిటి మీదా హలాల్ ముద్ర. ఆఖరికి టూత్ పేస్టు మీద కూడా. ఇవన్నీ కలిపి పెట్టిన కిట్టు కొన్నవాళ్లు సభ్యులవుతారు, వాళ్లు ఇంకో ఇద్దరిని చేర్పిస్తారు, ఆ ఇద్దరూ మళ్లీ ఇద్దరేసిని. కింద ఎవరు కొన్నా పైవాళ్లకి కమీషను. నా కింద మొదట చేరింది పెదబయలు అవతలి కొండ మీద కాఫీ, మిరియాలు పండించే భీముడు బాబాయ్. ఆయన కింద కొండలకి కొండలే చేరిపోయాయి. కంపెనీ వాళ్లు మురిసిపోయి, బహుమతిగా రెండు ఉమ్రా టికెట్లు ఇస్తామన్నారు. ఒకటి మా అమ్మీకి, ఇంకొకటి తోడు వెళ్లే మా ఆయన హనీఫ్‌కి.

ఉమ్రా అంటే మక్కా యాత్రే. హజ్ లాగా దానికి ఫలానా నెలే అని లేదు. అమ్మీ ఆ మాట విన్న రోజు నుంచి మనిషి మనిషిలా లేదు. తెల్ల బట్టలు తనే కుట్టుకుంది. పెట్టె సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. వీధిలో వాళ్లంతా వచ్చి కోరికలు చెప్పుకుంటున్నారు. ఎదురింటి కృపావతి ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లే మనిషి, ఆవిడ కూడా తన కూతురికి టీచరు ఉద్యోగం రావాలని అక్కడ ఒక మాట చెప్పమంది.

అంతా బాగానే ఉంది కదా. పోయిన శుక్రవారం మా మౌల్వీ సాబ్ దువా చెయ్యడానికి ఇంటికొచ్చి, టీ తాగుతూ, టికెట్టు ఎక్కడిదని మాటవరసకి అడిగారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు. "నాకో వారం టైమివ్వండి బాజీ. ఈ సంపాదన హలాలో కాదో కనుక్కుని చెప్తాను. హరామైతే ఖాలా చేసే ఉమ్రా కబూల్ అవదు" అని వెళ్లిపోయారు. బాజీ అంటే అక్క, ఖాలా అంటే పిన్ని. ఆయనకి నేను బాజీని, అమ్మీ ఖాలా. కబూల్ అవదంటే, అంత దూరం వెళ్లి ఏడ్చి మొత్తుకున్నా పైవాడు తీసుకోడని. అమ్మీ ఆ రాత్రి పెట్టె జోలికే పోలేదు.

ఇదీ ఇప్పటిదాకా జరిగింది. ఇక ఈ శుక్రవారం సంగతి.

పొద్దున్నే భానుశ్రీ మేడమ్ ఫోను. "మెహతాబ్ గారూ, సాయంత్రం ఆఫీసు కట్టేలోపు పేర్లు కన్ఫర్మ్ చెయ్యాలి. లేకపోతే మీ టికెట్లు నెక్స్ట్ లీడర్‌కి వెళ్లిపోతాయి. ఇంకా ఆలోచన ఏంటండీ, అందరూ ఎగిరి గంతేస్తారు" అంది. నేను ఎగిరి గంతెయ్యలేదు. మధ్యాహ్నం చెప్తానన్నాను. హనీఫేమో పాస్‌పోర్టు ఫొటోల కోసం నర్సీపట్నం పోయి కూర్చున్నాడు. ఇంట్లో ఏదైనా తేల్చాల్సిన రోజున ఆయన ఎప్పుడూ నర్సీపట్నంలోనే ఉంటాడు.

జుమ్మా నమాజు అయ్యాక మౌల్వీ సాబ్ వచ్చారు. పేరు అబ్దుల్ హన్నాన్. వయసులో నాకన్నా చిన్నవాడే, చదువు పూర్తి చేసి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. చలికి మంకీ క్యాప్ పెట్టుకుని ఘాట్ రోడ్డు మీద బండి నడుపుకుంటూ వస్తారు, వసారా ఎక్కి అది తీసేసి టోపీ పెట్టుకుంటారు. ఆయన టోపీ సర్దుకోకముందే అడిగేశాను.

"చెప్పండి హజ్రత్. హలాలా, హరామా?"

"ముందు ఆయన్ని కూకోనీయే" అంది అమ్మీ మంచం మీంచి.

ఆయన చాప మీద కూర్చుని ముఖం తుడుచుకున్నారు. "బాజీ, నేను తీర్పు చెప్పే ముఫ్తీలు ఇద్దరితో మాట్లాడాను. ఒకాయన అసలు వద్దన్నారు. ఇంకొకాయన, సరుకు నిజంగా సరుకై, ధర న్యాయంగా ఉంటే చూడొచ్చు అన్నారు."

"చూడొచ్చు అంటే?"

"అది నాకూ అర్థం కాలేదు" అన్నారు. ఆ మాట ఆయన దాచుకోకుండా చెప్పినందుకు కోపం వచ్చింది, కాస్త ఇష్టమూ కలిగింది. మతం సంగతి తెలిసినవాడే తెలియదంటే గాజులమ్ముకునే నేను ఎవరిని పట్టుకుని అడగాలి?

"సరే, మీకు అర్థమైంది చెప్పండి" అన్నాను.

"మధ్యవర్తిగా ఉండి కమీషను తీసుకోవడం తప్పు కాదు. ఒకరి మిరియాలు మీరు నర్సీపట్నం తీసుకెళ్లి షావుకారుకి అమ్మించారు. మీ కాళ్లు నొప్పి పుట్టాయి, మీ నోరు నొప్పి పుట్టింది. దానికి మీకేదో ఇచ్చారు. అది హలాలే. కానీ కొయ్యూరు అవతల మీరెప్పుడూ చూడని మనిషి, మీకు పేరు కూడా తెలియని ఇంకో మనిషికి నూనె ఇస్తే, అందులో మీకు వాటా ఏంటి?"

"నేను భీముడు బాబాయ్‌ని చేర్పించాను కాబట్టే కదా అంతదూరం పాకింది."

"ఆ కష్టానికి ఒకసారి వచ్చింది. మళ్లీ మళ్లీ ఎందుకు రావాలి?"

ఇక్కడ నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీరు ఒక పిల్లకి అలిఫ్ బే నేర్పించారు హజ్రత్. ఆ పిల్ల పెద్దయి తన పిల్లలకి నేర్పించింది. వాళ్లు చదివిన ప్రతి అక్షరానికీ మీ ఖాతాలో సవాబ్ పడుతుందని మీరే కదా చెప్పారు. అక్కడ మీరు చూడని పిల్లలు కాదా? అల్లా ఇస్తే పుణ్యం, కంపెనీ ఇస్తే పాపమా?"

అమ్మీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో భయపడిందో తెలియలేదు.

మౌల్వీ సాబ్ చాప మీద సర్దుకుని కూర్చున్నారు. "అల్లా మీకిచ్చే సవాబ్‌ని కిందవాళ్ల జేబులోంచి తియ్యడు బాజీ" అన్నారు.

 ఓడిపోవడం నాకు అలవాటు లేని పని, అందుకని లేచి టీ పెట్టి తెచ్చాను. తెచ్చేసరికి ఆయన వాదన ఇంకో మెట్టెక్కింది.

"ఇంకో సంగతి చూడాలి. ఈ కిట్టు కొన్నవాళ్లు దేనికోసం కొన్నారు? నూనె కోసమా, కింద ఇంకొకరు చేరితే సొమ్ము వస్తుందన్న ఆశతోనా? ఆశతోనే అయితే, ఎవరు చేరతారో, అసలు చేరతారో లేదో తెలియని దాని మీద డబ్బు పెట్టినట్టు. దాన్ని గరర్ అంటారు. చెరువులో ఉన్న చేపని పట్టకుండానే అమ్మినట్టన్నమాట. అది మనకి కూడదు. జూదానికి దగ్గర చుట్టం."

"అదొక్కటి మాత్రం కాదు హజ్రత్" అన్నాను, దొరికింది సందని. "కొండ మీద ఒక్క మనిషి కూడా నన్ను కమీషను సంగతి అడగలేదు. భీముడు బాబాయ్ ఖాతాలో పడింది పడ్డట్టే ఉంది, చెయ్యి పెట్టలేదు. ఆశ ఉన్నవాళ్లు అలా ఉంటారా?"

ఆయన ముఖం తేటపడింది. "అయితే సరుకు నచ్చి కొన్నారన్నమాట. తేనె బాగుంటుందా?"

 ఏమని చెప్పను? వాళ్లు కొండకొమ్మున వేలాడే పట్టుల్లోంచి పొగబెట్టి తేనె తీసేవాళ్లు. వాళ్లకి నేను ప్లాస్టిక్ డబ్బాలో తేనె ఇచ్చాను. చేరిన వాళ్లలో నూనె ఎలా వాడాలని అడిగినవాళ్లు లేరు, రెండోసారి కావాలన్నవాళ్లు లేరు. చేరినవాళ్లు మాత్రం పెరుగుతూనే ఉన్నారు. అప్పటిదాకా నేను దాన్ని నా మాటకారితనం అనుకున్నాను. ఆ వసారాలో కూర్చుని చూస్తే తలా తోకా లేకుండా కనిపించింది. సరుకూ అక్కర్లేదు, సొమ్మూ అక్కర్లేదు. మరి ఎందుకు చేరినట్టు?

అదే పైకి అనేశాను. మౌల్వీ సాబ్ కూడా తల గోక్కున్నారు.

"వాళ్లనే అడగాలి బాజీ" అన్నారు. "మన షరీయత్‌లో బేరం నిలబడేది ఒక్కదాని మీద. రజామందీ. అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ మనస్ఫూర్తిగా ఇష్టం ఉండాలి. వాళ్లు ఇష్టపడి తీసుకున్నామంటే, మిగతావి నేను పెద్దవాళ్లతో మాట్లాడి సర్దగలనేమో చూస్తాను. ఇష్టం లేదంటే మాత్రం ఆ టికెట్టు ముట్టుకోవద్దు."

ఎవరో పిలిచినట్టు అప్పుడే వీధిలో జీపు ఆగింది. భీముడు బాబాయ్ అమ్మీని సాగనంపడానికి వస్తానని ముందే కబురు పెట్టాడు. యాత్రకి ఇంకా చాలా రోజులున్నాయని చెప్పినా వినలేదు. నడిపింది ఆయన కొడుకు ఫల్గుణ. వేరేవాళ్ల జీపుకి డ్రైవరు, చింతపల్లి లంబసింగి మధ్య సర్వీసు తోలుతాడు. పిల్లల చదువు కోసం చింతపల్లిలోనే గది అద్దెకి తీసుకుని ఉంటున్నాడు. తండ్రి ఎంత మెత్తనో వీడు అంత ముక్కుసూటి. నన్ను చూసి నవ్వడం ఎప్పుడో మానేశాడు.

భీముడు బాబాయ్ దుప్పటి కప్పుకుని, చంకలో ఆనపకాయ బుర్ర పెట్టుకుని దిగాడు. "నేస్తమ్మా, కొండ తేనె తెచ్చినాను. దారిలో గొంతుకి మంచిది" అని అమ్మీకిచ్చాడు. మౌల్వీ సాబ్‌కి దండం పెట్టి వసారా మెట్టు మీద కూర్చున్నాడు. చాప మీద కూర్చోమంటే ఇక్కడే ఎండ బాగుందన్నాడు. ఫల్గుణ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"బాబాయ్, ఒక సంగతి చెప్పు" అన్నాను. మెల్లగా మొదలుపెడదామనే అనుకున్నాను. "కొండ మీద అంతమందిని ఎలా చేర్పించావు?"

"ఎలాగేటి, నేస్తరికం కట్టే."

మౌల్వీ సాబ్ నా వైపు చూశారు. ఆయన మైదానం నుంచి వచ్చినవాడు, ఈ మాట ఆయనకి తెలియదు. నేను చెప్పాను. కొండ మీద ఇద్దరు మనుషులు, వాళ్లది ఒక కులం కాకపోయినా ఒక ఊరు కాకపోయినా, పెద్దల ముందు కూర్చుని ఒకరి దోసిట్లోంచి ఒకరు అన్నం తింటారు. ఆ రోజు నుంచి నేస్తాలు. ఇంక పేరు పెట్టి పిలుచుకోరు. వాళ్ల పిల్లలకీ ఆ నేస్తరికమే దక్కుతుంది. నేస్తాల మధ్య కొనడం అమ్మడం ఉండదు. మా అబ్బా, భీముడు బాబాయ్ అలా కట్టుకున్నవాళ్లే. అబ్బా సాయిబు కాబట్టి పెద్దలు కల్లు బదులు బెల్లం నీళ్లు పెట్టారట. ఆ తర్వాత అబ్బా ఆ ఇంటికి గాజులు ఇచ్చాడే కాని అమ్మలేదు. కొండ నుంచి అల్లం, పసుపు, పనసకాయలు మా ఇంటికి వచ్చాయే కాని వాటికి ధర కట్టలేదు.

"అది తెలుసు బాబాయ్, నువ్వూ అబ్బా సంగతి. మిగతావాళ్లు?"

"నువ్వే కదేటి సెప్పినావు. ఇద్దర్ని సేర్పించు, ఆళ్లని ఇంకో ఇద్దరేసిని సేర్పించమను, కిందోడు తీసుకుంటే పైవోడికి వొస్తాది అని. ఊరికే ఒకడి సొమ్ము ఇంకొకడు తింటే తప్పు కదేటి గుంటా. నేస్తాలయితే తప్పులేదు. అందుకని నాకున్న నేస్తాలిద్దరికీ ఇచ్చినాను. నేస్తాలు లేనోళ్లకి దగ్గరుండి కట్టించినాను. అన్నం వొండించి, పెద్దల్ని పిలిపించి. మా ఊరి సుక్రు లాంటి ముసిలోడు కూడా ఈ వొయసులో కొత్తగా ఇద్దరు నేస్తాల్ని సంపాదించినాడు." ఆయన ముఖంలో ఎంత సంతోషమో. "మా కొండకీ కొయ్యూరు కొండకీ రాకపోకలే లేవు. నీ కంపినీ వొల్ల కలిసినాం."

భానుశ్రీ మేడమ్ వింటే మూర్ఛపోయేది. నేను మూర్ఛపోలేదు కాని, చాప అంచు గట్టిగా పట్టుకున్నాను. నా కింద ఉన్న టీమ్, కంపెనీ స్టేజీ మీద చప్పట్లు కొట్టించిన నా డౌన్‌లైన్, అదంతా ఒకరి దోసిట్లోంచి ఒకరు అన్నం తిన్న మనుషులు. వాళ్లలో ఎవరూ ఏమీ కొనలేదు. కాఫీ గింజలు, మిరియాలు మూటగట్టి పంపారు, నేను అమ్మి కంపెనీకి కట్టాను. నేను దాన్ని బేరం అనుకున్నాను. వాళ్లు నేస్తం అడిగిందని ఇచ్చారు.

"మరి ఆ నూనె, తేనె?" అన్నారు మౌల్వీ సాబ్.

జవాబు ఫల్గుణ చెప్పాడు. "అటక మీద ఉన్నాయండి, అట్టపెట్టెలతో సహా. నేస్తం ఇచ్చింది అమ్మకూడదంట, పారెయ్యకూడదంట. మా అయ్య సీలు కూడా ఇప్పనివ్వడు. అన్ని ఇళ్లల్లోనూ అంతే. ఈ ఏడు మిరియాలు మొత్తం ఈ పెట్టెలకే పోయినాయి. ఎవడూ నోరెత్తడు. ఎత్తకూడదు."

"ఒరే, నువ్వూరుకో" అన్నాడు భీముడు బాబాయ్.

"ఎందుకు ఎత్తకూడదు?" మౌల్వీ సాబ్ ముందుకి వంగారు. "నేస్తం అడిగితే వద్దనే వీలు లేదా?"

"వొద్దనేదేటి బాబూ. నేస్తం కదా."

 మౌల్వీ సాబ్ ఉర్దూలోకి మారి నాతో అన్నారు. "బాజీ, కాదనే వీలు లేని మనిషి ఔనంటే అది ఔననా? నాకు తెలియడం లేదు. ఒకవేళ ఇది బహుమానం అంటే, బహుమానం హలాలే. కానీ వాళ్లు బహుమానం ఇచ్చింది మీకు, తిన్నది కంపెనీ. బేరం అంటే, బేరానికి ఇష్టం కావాలి. ఆయన మనసులో ఇష్టం ఉందో లేదో ఆయనే చెప్పాలి. మీరడగండి. నేను అడిగితే మొహమాటానికి చెప్తాడు."

అమ్మీ ఒక్కసారిగా మంచం మీంచి కాళ్లు కిందికి దించింది. "అడక్కే" అంది. "మెహతాబ్, ఆ మాట అడక్కు."

"ఎందుకడక్కూడదు? నీ ఉమ్రా కోసమే కదా."

"నా ఉమ్రా సంగతి నాను సూసుకుంటాను. నువ్వడక్కు."

మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతేంటంటే, నన్ను వద్దన్న పని నేను చేసి తీరతాను. అబ్బా దాన్ని నా మొండితనం అనేవాడు. పైగా ఆ క్షణానికి నాకు ఒకటే కావాలి. ఔనో కాదో. అందరూ తలో మాట అంటున్నారు, ముఫ్తీలు తలో దారిలో ఉన్నారు, సాయంత్రం ఆఫీసు కట్టేస్తారు. కనీసం ఒక మనిషి నోటి నుంచి ఒక సూటి మాట వస్తే నా ప్రాణం నిమ్మళిస్తుంది. అందుకని అడిగేశాను.

"బాబాయ్, నిజం చెప్పు. నేను నేస్తం కూతుర్ని కాకపోతే, ఎవరో దారిన పోయే మనిషినైతే, ఆ కిట్టు తీసుకునేవాడివా? ఇష్టంగానే ఇచ్చావా?"

భీముడు బాబాయ్ నవ్వు అలాగే ఉంది, కానీ కళ్లు నవ్వడం మానేశాయి. దుప్పటి తీసి మడత పెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. ఫల్గుణ స్తంభాన్ని వదిలి నిటారుగా నిలబడ్డాడు. నేనేదో విరగ్గొట్టానని తెలుస్తోంది. ఏం విరిగిందో తెలియడం లేదు.

"మీ అయ్య నీకు సెప్పలేదేటి" అన్నాడు ఆయన, కోపంగా కాదు. "నేస్తాన్ని అన్నీ అడగొచ్చు. ఇష్టంగా ఇచ్చినావా అని అడక్కూడదు. అడిగితే, నీ సెయ్యి మీద నాకు నమ్మకం లేదన్నట్టు. అడిగినోళ్లకి జవాబు సెప్పాల. జవాబు సెప్పీసినాక నేస్తరికం ఇప్పీసినట్టే. ఔనన్నా ఇప్పీసినట్టే, కాదన్నా ఇప్పీసినట్టే. మరి కలవదు."

"నాకు తెలియదు బాబాయ్" అన్నాను. 

"తెలీదని నాకూ తెలుసు. అందుకే ఇంకా సెప్పలేదు." ఆయన నా వైపే చూస్తున్నాడు. "అడిగినోళ్లు మాట ఎనక్కి తీసుకుంటే అడగనట్టే లెక్క. అదీ ఉన్నాది. పొద్దు ఉండగానే తీసుకోవాల. ఆలోసించుకో."

ఇంక నా పరిస్థితి మీరే ఊహించుకోండి. జవాబు వినకపోతే టికెట్టు హలాలో హరామో తేలదు. తేలకుండా అమ్మీని పంపిస్తే అక్కడ ఆవిడ ప్రతి అడుగూ అనుమానంతో వేస్తుంది. జవాబు వింటే అబ్బా కట్టిన నేస్తరికం నా నోటితో నేనే తెంపినట్టు. మౌల్వీ సాబ్ వైపు చూస్తే ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు. మా ధర్మంలో అడక్కపోతే తప్పు. వాళ్ల ధర్మంలో అడిగితే తప్పు. రెండూ ధర్మాలేనాయె, మధ్యలో నేను ఎటు జరగాలి?

"వెనక్కి తీసుకుంటే పోలా" అన్నాను మౌల్వీ సాబ్‌తో, బతిమాలినట్టుగా. "బహుమానం అనే అనుకుందాం."

"అనుకుంటే అవదు బాజీ. కాదనడానికి వీల్లేని చోట తీసుకున్నది బహుమానం ఎలా అవుతుంది? ఇష్టం ఉందని తెలిస్తేనే..." ఆయన మాట పూర్తి కాలేదు.

"అయితే ఒకటి సెప్పండి హజ్రత్." అమ్మీ మంచం దిగి నిలబడింది. మోకాళ్ల నొప్పులతో ఎవరి ఆసరా లేకుండా లేవని మనిషి, తనంతట తనే లేచింది. "నేస్తం ఇచ్చింది ఇష్టపడి ఇచ్చినట్టు కాదంటారు. అది ముట్టుకోకూడదంటారు. మరి ఈ ఇంటి సంగతేటి?"

"ఏ ఇంటి సంగతి ఖాలా?"

"మీరు కూకున్న ఈ ఇల్లే. ఈ జాగా ఎవరిదనుకున్నారు?"

నేను బిత్తరపోయాను. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్లు భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి చింతపల్లిలో నడక నేర్చిన పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ మా ఇల్లు నేను పుట్టినప్పటి నుంచీ ఉంది. అది ఎలా వచ్చిందని నేనెప్పుడూ అనుకోలేదు. మన ఇల్లు మనదే కదా అనుకుంటాం.

"మెహతాబ్ కడుపులో ఉన్నప్పుడు మాకు తల దాసుకునే సోటు లేదు" అంది అమ్మీ. మా అందరితో కాదు, మౌల్వీ సాబ్ ఒక్కరితోనే మాట్లాడుతున్నట్టుంది. "ఈళ్లబ్బా పోయి నేస్తాన్ని అడిగాడు. నేస్తం తనదైన ఈ జాగా సూపించి కట్టుకోమన్నాడు. కాగితం లేదు, సొమ్ము లేదు, ఇష్టమా అని అడిగినోళ్లు లేరు. అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. నా మొగుణ్ని ఇక్కడి నుంచే మోసుకెళ్లారు. ఐదు పూటలా ఈ నేల మీదే నుదురు ఆనించాను. ఆ నూనె హరామైతే, హజ్రత్, నాను ఇన్నాళ్లు సేసిన నమాజులేటి? పరాయి నేల లాక్కుని దాని మీద సేసిన నమాజు కబూల్ అవుతాదా? సదువుకున్నోరు, మీరే సెప్పండి. నాను ఉమ్రాకి ఎల్లక్కర్లేదు. ఇది సెప్పండి సాలు."

మౌల్వీ సాబ్ ఎప్పుడు లేచారో చాప మీంచి లేచి నిలబడి ఉన్నారు.  ఆయన చదివిన పుస్తకాల్లో దీనికి జవాబు ఉండే ఉంటుంది. ఆ ముఖం చూస్తే మాత్రం దొరికినట్టు లేదు.

నా ఫోను మోగింది. భానుశ్రీ మేడమ్. ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది.

ఫల్గుణ స్తంభం దగ్గర్నుంచి రెండు అడుగులు ముందుకొచ్చాడు. మా గుమ్మాన్ని చూశాడు, గోడల్ని చూశాడు, పెరట్లో ఉన్న జామచెట్టుని చూశాడు. కొత్త ఊరికి వచ్చినవాడిలా చూశాడు.

"అయ్యా" అన్నాడు. "ఈ జాగా మనదా?"

భీముడు బాబాయ్ కొడుకు వైపు తిరగలేదు. ఎండ వసారా మెట్టు దాటి వీధిలోకి జరిగిపోయింది. ఆయన మడత పెట్టిన దుప్పటి మీద చేతులు ఆనించి నన్నే చూస్తున్నాడు.

"నువ్వు అడిగింది ఇంకా నా ముందే ఉన్నాది గుంటా" అన్నాడు. "నేస్తరికం ఉంటే ఈడికి ఒక జవాబు సెప్తాను. లేకపోతే ఇంకో జవాబు సెప్పాల. బేగి తేల్చు. నీ మాట ఎనక్కి తీసుకుంటావా, నన్ను నిజం సెప్పమంటావా?"

అమ్మీ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. జవాబు వినమంటోందో, మాట వెనక్కి తీసుకోమంటోందో నాకు తెలియలేదు.